కుందేళ్ల గది ముందు మల్లెదండ

యంత్రాల చేతులు వచ్చాక ప్రయోగశాలల్లో జంతువులకు మేత వేయడం, బోనులు కడగడం అంతా వాటి పనే అయింది. ఆపరేషన్ అయిన కుందేలు మాత్రం మనిషి పెడితేనే తినేది. అలా పెట్టే చేయి ఎస్తేరుది. ప్రతి కుందేలు మెడపట్టీకీ ఒక చిన్న దీపం ఉండేది. బెదిరితే ఎరుపు, కుదుటపడితే నీలం. ఎస్తేరు గదిలో అడుగుపెడితే చాలు, దీపాలన్నీ నీలంగా మారేవి.

జంతువులను సాకే సిబ్బందికి ఏటా జరిపే సన్మానం ఆ ఏడు ఆమెకు దక్కింది. డైరెక్టర్ వేణుమాధవ్ కేకు కోయించి, ఆమె మెడలో మల్లెదండ వేశాడు. ఉద్యోగంలో చేరాక పూల జోలికే పోని ఎస్తేరు ఆ వాసనకు మైమరిచిపోయింది. ఇంతలో మేత వేళయింది. దండతోనే కుందేళ్ల గదిలోకి పరుగెత్తింది.

ఆ గది దీపాలు సన్మానం జరుగుతున్న హాల్లో తెర మీద కనిపిస్తున్నాయి. ఒక్కసారిగా అన్నీ ఎర్రబడ్డాయి. ముందురోజు ఆపరేషన్ అయిన కుందేలు మూలకు నక్కి వణికిపోయింది.

"అయ్యో, ఈ పూల వాసనకు నన్నే గుర్తుపట్టలేదు," అంటూ ఆమె బయటికొచ్చింది. దండ తీసి తలుపు పక్కన తగిలించింది. వాసన లేని సబ్బుతో మెడా చేతులూ రుద్దుకుని, ఉతికిన కోటు తొడుక్కుని మళ్లీ వెళ్లింది. ఒక్కొక్క దీపమే నీలమైంది. మూలనున్న కుందేలు కదిలొచ్చి ఆమె అరచేతిలోని ఆకు కొరికింది. చప్పుడుకు జంతువులు బెదురుతాయని హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచి నిలబడ్డారు.

ఆమె బయటికి రాగానే, "తప్పు నాదే ఎస్తేరమ్మా. పూలు తేకుండా ఉండాల్సింది," అన్నాడు వేణుమాధవ్.

ఎస్తేరు దండను దూరం నుంచే చూసింది.

"మల్లెలంటే నాకు పిచ్చి సార్. నేను రిటైరైన నాడు మాత్రం ఇంకో మూర ఎక్కువే తెప్పించండి."