దించిన సీటు

"ఇంకో రెండు వేళ్ళు దించు," అంది ముసలావిడ, కంచె ఇవతల నుంచి.

ఫిజియో అమ్మాయి సైకిలెక్కి మళ్ళీ చూసుకుంది. పెడల్ కిందికి పోయినప్పుడల్లా నడుం పక్కకి ఒరిగిపోతోంది.

"ఆయన్ని అడగకుండా ఎలా పెద్దమ్మా?"

"అడిగితే వద్దంటాడు. నేను చెప్పానని చెప్పు."

బోల్టు బిగుసుకుపోయింది. రెంచి పెట్టి ఒంట్లో బలమంతా చూపిస్తే కిర్రుమని వదిలింది.

"ఎన్నాళ్ళయిందో దీన్ని కదిపి."

ముసలావిడ ఆ మాట విననట్టే, "పోటీలో హెల్మెట్ పట్టీ పెట్టుకున్నాకే సైకిలు ముట్టుకో. లేకపోతే తప్పు రాస్తారు," అంది.

"మీకివన్నీ ఎలా తెలుసు?"

"చూసి చూసి."

పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డావిడకి ఏమీ అర్థం కావడం లేదు. కొడుకు మొదటిసారి దిగాడట. "ఈదేది ఒకరు, తొక్కేది ఒకరా?" అని ముసలావిడని అడిగింది.

"ఒంటరిగా చేసేవాళ్ళు ఈత, సైకిలు, పరుగు మూడూ వాళ్ళే చేస్తారు. వీళ్ళది జట్టు. ముందు మా బాబు చెరువులో ఈదుతాడు, ఈ పిల్ల సైకిలు తొక్కుతుంది, మళ్ళీ అతనే పరిగెడతాడు. టైం లెక్కపెట్టే పట్టీ ఒకటుంటుంది. అది ఒకరి చీలమండ నుంచి ఒకరి చీలమండకి మారాలి."

జట్టు కట్టించింది ముసలావిడే. ఆవిడ మోకాలికి వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చి, మోకాలు బాగుపడ్డా రావడం మానని పిల్ల. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సోమవారం బండెక్కాలి. 'ఆయన ఉండమంటే ఉంటాను పెద్దమ్మా' అని వంటింట్లో తలొంచుకుని చెప్పింది. అతను చూస్తే బెల్లం కొట్టిన రాయి. స్కూల్లో రోజంతా లెక్కలు చెప్పే నోరు ఇంటికొస్తే పెగలదు.

చెరువు వైపు నుంచి అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈత సూటు నడుం దాకా ఒలిచి ఉంది. అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని కాలు ముందుకు చాపింది. అతను ఆ కాలు చూడలేదు. సీటు చూశాడు. దాని మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"బాబూ, పట్టీ," అంది ముసలావిడ.

"ఇది ఎవరు దించారు?"

"నేనే. కాళ్ళు అందొద్దూ పిల్లకి?"

"మీరే చెప్పారా అమ్మా?"

"నేనే చెప్పాను. కట్టు."

అతను మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ కట్టాడు. తలకిందులుగా పెట్టి, విప్పి మళ్ళీ కట్టాడు. అమ్మాయి అయోమయంగా ముసలావిడ వంక చూసింది. 'ఏమైంది ఈయనకి?' అన్నట్టు.

"చెవుల్లోకి నీళ్ళు పోయుంటాయిలే. నువ్వు కదులు."

"వెళ్తాను."

"ఆ మాట అనకు. వస్తాను అను."

"వస్తాను," అని నవ్వి సైకిలు తోసుకుంటూ పరిగెత్తింది.

అతను తువ్వాలు కప్పుకుని కంచెకి ఆనుకున్నాడు.

"ఎందుకమ్మా ఇదంతా?"

"సోమవారం పోతోంది కదా."

"పోనీండి."

"ఉండాలని లేదా నీకు?"

"ఉంది. అందుకే భయం." తువ్వాలు బిగించుకుని, "మీరేమైపోతారు?" అన్నాడు.

"నేనా? వండే బాధ తప్పుతుంది. నా కూరలో ఉప్పెక్కువైందని నువ్వు సణగడం నేను వినక్కర్లేదు."

అతను నవ్వలేదు. ముసలావిడకీ నవ్వు రాలేదు. తనకేం కావాలో ఆవిడకే తెలియడం లేదు. పిల్ల తొందరగా రావాలనీ ఉంది, అతను ఇంకాసేపు ఇలా పక్కనే నిలబడాలనీ ఉంది. రోడ్డు మీదికి పోయినవాళ్ళు తిరిగొస్తారని ఆవిడకి ఎప్పుడూ నమ్మకం లేదు. ఒక్కొక్క సైకిలే లోపలికి వస్తోంది. అందరి హెల్మెట్లూ ఒకేలా ఉన్నాయి. ఫ్లాస్కావిడ కొడుకు కూడా వచ్చేశాడు. ఈ పిల్ల జాడ లేదు.

"దించకుండా ఉండాల్సిందేమో," అంది ముసలావిడ.

"అదిగో," అన్నాడతను.

అమ్మాయి గీత దగ్గర దిగి సైకిలు తోసుకొస్తోంది. చేతుల నిండా, బుగ్గ మీదా నల్లటి గ్రీజు.

"చెయిను ఊడిపోయింది. నేనే ఎక్కించా," అంది రొప్పుతూ. సైకిలు స్టాండుకి తగిలించి, వంగి పట్టీ విప్పి అతని కాలికి కట్టింది. అతను కదల్లేదు.

"సోమవారం వెళ్ళొద్దు."

"ముందు పరిగెత్తండి, టైం పోతోంది."

"జవాబు చెప్పు."

"వెళ్ళను. ఇక పరిగెత్తండి బాబూ, చుట్టూ అందరూ చూస్తున్నారు."

అతను పరిగెత్తాడు, సైకిళ్ళు బయటికి పోయే దారిలోకి. ఈలలు వేసి, చేతులు ఊపి వెనక్కి మళ్ళించారు. అమ్మాయి గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని నవ్వింది. వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారాయి.

ముసలావిడ కంచె కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు చూసి ఫ్లాస్కావిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, టీ పోసిచ్చింది.

"ఏడుస్తారెందుకండీ? నిలబడి కొడుకు పెళ్ళి కుదుర్చుకున్నారు. బంగారంలాంటి కోడలు. మీ అంత అదృష్టవంతురాలు ఉంటుందా?"

ముసలావిడ టీ ఒక గుక్క తాగి, పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"కొడుకు కాదమ్మా, పోయిన మా అమ్మాయి భర్త. ఆ సైకిలు దానిదే."