నలభై సాళ్లు

"మోటరు ఆపు మామా! నీ వంతు ఎప్పుడో అయిపోయింది," గట్టు మీద నుంచే అరిచాడు ఈరేష్.

శేషన్న పారతో నీళ్ల మడవ తిప్పుతూ తలెత్తలేదు. "ఇంగా రెండు సాళ్లు ఉండాయప్పా."

ఈరేష్‌కు ఒళ్లు మండింది. ఎవరూ కొత్త బోరు వేయకూడదనీ, ఉన్న ఒక్క బోరు నీళ్లే పంచుకుని ఇంటికి నలభై సాళ్ల మిరప మాత్రమే పెట్టాలనీ ఊరంతా తిరిగి ఒప్పించింది తనే.

"ఎంత పారినా మీకు సాలనిపించదు. రేపే మైదుకూరు నుంచి బోరు లారీ పిలిపిస్తా. ఎవురి బోరు వాళ్లు ఏసుకోండి!"

"నా సాళ్లు లెక్కపెట్టుకో పో."

ఈరేష్ విసవిసా నడుస్తూ లెక్కపెట్టాడు. సరిగ్గా నలభై. చివరి రెండింట్లో మొక్కలు తలలు వాల్చేశాయి.

"నాకంటే ముందు వంతు నీదే కదప్పా," అన్నాడు శేషన్న. "పొద్దున మోటరు నాకంత లేటుగా ఏంటికి వదిలితివి?"

ఈరేష్‌కు మిగిలిన నారు పారేయలేక తన చేలో నాటేసిన నలభై ఒకటో సాలు, నలభై రెండో సాలు గుర్తొచ్చాయి.

నీళ్లు చివరి మొక్క దాకా పారాక శేషన్న మోటరు ఆపి, పార భుజాన వేసుకున్నాడు.

"నాకు సాలు," అన్నాడు. "నీకు?"