అక్క అడగని అప్పు

"ఈసారి ఎవరికిద్దామో నువ్వే చెప్పు," అంటూ లెక్చరరు భార్య చేతికి ఫోనిచ్చాడు. ముక్కూమొహం తెలియని చిరువ్యాపారులకు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న అప్పులివ్వడం అతనికి అలవాటు.

ఫొటోలు జరుపుతున్న ఆమె ఒకచోట ఆగిపోయింది. "ఏమండీ, ఈవిడ వదినగారు కదూ?"

అతని అక్కే. కుట్టుమిషను మూలపడిందని, కొత్తది కొంటే బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని దొరుకుతుందని ఫొటో కింద రాసి ఉంది. అతనికి తల కొట్టేసినట్టయింది. వెంటనే ఫోన్ చేశాడు.

"నేనేమైనా చచ్చానా అక్కా? నన్నడక్కుండా లోకాన్నడుగుతావా?"

"కిందటిసారి కుట్టుషాపు పెట్టేటప్పుడు నిన్నే అడిగాను కదరా. లేదనకుండా ఇచ్చావు. ఆ మేలు మర్చిపోలేదు."

"మరి?"

"ఆ తర్వాత నేనెప్పుడొచ్చినా, నలుగురిలో 'షాపెలా నడుస్తోందక్కా?' అనేవాడివి. కొత్త చెప్పులేసుకొస్తే నా కాళ్ల వంక చూసేవాడివి. బాకీ తీర్చేశాక కూడా ఆ చూపు మానలేదు. వీళ్లకైతే వాయిదా కడితే చాలు."

"ఆ మిషను డబ్బు నేనే ఇచ్చేస్తాలే," అన్నాడతను, గొంతు తగ్గించి.

"వద్దురా. ఇంకెవరికైనా ఇవ్వు. పాపం, వాళ్లకీ అవసరమే," అంది అక్క మెత్తగా.

ఫోన్ పెట్టేశాక, తోపుడుబండి కొనుక్కోవాలనుకుంటున్న ఒక పళ్లవ్యాపారిని ఎంచుకున్నాడు. డబ్బు పంపే ముందు, 'మీ పేరు వారికి తెలియాలా?' అన్న ప్రశ్న వచ్చింది. ఇన్నాళ్లూ అవునని నొక్కిన వేలు, ఈసారి కాసేపు ఆగి, వద్దని నొక్కింది.