పన్నెండు కొట్టేదాకా

నలభై ఆరు జేబులోంచి ఉడికించిన గుడ్డు జారి, దొర్లుకుంటూ వచ్చి కోచ్ బూటు దగ్గర ఆగింది.

నలభై ఆరు అంటే ఒక పిల్ల. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ హాస్టల్ ఆశలన్నీ ఆమె మీదే. కోచ్‌కి పిల్లల పేర్లతో పనిలేదు. సోమవారం బరువు చూసే మెషిన్ ఎక్కిస్తాడు. ఎన్ని కిలోలు తూగితే ఆ వారమంతా అదే పేరు. కొవ్వు శాతం ఒక్క పిసరు పెరిగినా అందరి ముందూ చీవాట్లే.

తిండికీ ఒక నియమం పెట్టాడు. రాత్రి ఎనిమిదికి మూసిన నోరు మర్నాడు పన్నెండు కొట్టాకే తెరవాలి. మధ్యలో మంచినీళ్ళు, పాలు లేని కాఫీ. పొద్దున్నే పరుగు మాత్రం మామూలే. ఎక్కడో చదివాడు, నచ్చింది, పెట్టేశాడు. తను మాత్రం ఏడింటికల్లా కడుపునిండా తిని వచ్చేవాడు. పరిగెత్తేది తను కాదు కదా!

"ఎవరిచ్చారే ఇది?"

ఆ పిల్ల తల వంచుకుంది.

"నేనే ఇచ్చాను సార్."

వంటావిడ చేతిలో గరిటెతోనే మైదానంలోకి వచ్చేసింది. కళ్ళజోడు, కాస్త భారీ మనిషి. పనిలో చేరి మూడు నెలలు కాలేదు.

"నా నియమం తెలుసా నీకు?"

"తెలుసు సార్." దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "పాప మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. కుడికాలు మోపలేకపోతోంది. నెలసరి ఆగి ఎనిమిది నెలలైందట. ఎల్లుండి సెలక్షన్‌కి పరిగెత్తించకండి. ముందు ఎక్స్‌రే తీయించండి."

ఆమె గుసగుసగా చెప్పింది గానీ కోచ్ గొంతుకి ఆ మర్యాద లేదు.

"వంటింట్లో ఉప్పూ కారం చూసుకోక, ఎముకల డాక్టరువి ఎప్పుడయ్యావ్? ముందు నీ ఒంటిని పన్నెండు దాకా పస్తు పెట్టు. తర్వాత మాకు పాఠాలు చెబుదువుగాని!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వకపోతే ఆ గొంతు తమ మీదికి తిరుగుతుందని వాళ్ళ భయం వాళ్ళది.

"ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. నా దగ్గర మానేసిన పిల్లలున్నారు గానీ ఎముక విరిగిన పిల్ల ఒక్కతీ లేదు."

"మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో అడిగారా సార్?"

"చేతకాక!"

వంటావిడ ఇంకేదో అనబోయి మానుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆమెను పనిలోంచి తీసేశారు. బతిమాలలేదు, గొడవ పడలేదు. గిన్నెలు తోమి బోర్లించి, వార్డెన్‌తో ఒక్క మాట చెప్పింది.

"ఆ పాపని ఒక కంట కనిపెట్టండమ్మా."

ఎల్లుండి రానే వచ్చింది.

రెండో చుట్టులో, మలుపు దగ్గర, అందరికంటే ముందున్న నలభై ఆరు ఉన్నట్టుండి కూలిపోయింది. ఆమె కేక గేటు దాకా వినిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది.

"ఈ పగులు ఇవాళ్టిది కాదు. రెండు మూడు వారాల కిందటిది. ఇవాళ పూర్తిగా విరిగింది. ఏం తింటోంది ఈ అమ్మాయి?"

కోచ్ నియమం గురించి చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే వినబుద్ధి కాలేదు.

"ఎదిగే పిల్ల. పైగా పరిగెత్తే పిల్ల. తిండి చాలకపోతే నెలసరి ఆగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇంట్లో, హాస్టల్లో ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, ఒక్కరికీ తెలియలేదా?"



మంచం మీంచి పిల్ల నెమ్మదిగా అంది. "వంట అక్కకి తెలుసు. మీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను సార్. అయినా చెప్పింది."

కోచ్ ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాడు.

"నీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

నాలుగేళ్ళుగా తన దగ్గర పరిగెత్తిన పిల్ల. ఆ ప్రశ్నకి ఆమె బిత్తరపోయి చూసింది.

కోచ్ తిన్నగా హాస్టల్‌కి వెళ్ళి వార్డెన్ ఎదుట నిలబడ్డాడు.

"ఆ వంటావిడని వెనక్కి పిలవండి. నేనే వెళ్ళి అడుగుతాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఇప్పుడా? నిన్ననే ఇల్లు ఖాళీ చేసి ఊరొదిలి వెళ్ళిపోయిందట. ఫోన్ కూడా కలవడం లేదు."

"దరఖాస్తు ఉంటుంది కదా. అందులో ఇంకెవరి నంబరైనా ఉందేమో చూడండి."

వార్డెన్ బీరువాలోంచి కాగితం తీసి అతని చేతికిచ్చింది. "చూడండి. పనిలోకి తీసుకోమని సంతకం పెట్టింది మీరే."

నిజమే. అడుగున తన సంతకమే ఉంది. చదవకుండా పెట్టిన వంద సంతకాల్లో అదొకటి.

పైన ఆమె పేరుంది. రెండుసార్లు చదివాడు. ఎప్పుడూ విన్నట్టే లేదు.

గత అనుభవం అన్న చోట, పొందికైన అక్షరాలతో ఆమె రాసింది: "వంట పని పదేళ్ళు, అంతకుముందు ఈ మైదానంలోనే, ఈ కోచ్ గారి దగ్గరే రెండేళ్ళు పరిగెత్తాను, పంతొమ్మిదో ఏట తుంటి ఎముక విరిగి మానేశాను."