గోరింక సలహా

మామిడితోపులో ఉడుతకి కొమ్మ మీంచి కొమ్మకి దూకే ఆటంటే ప్రాణం. ఒకనాడు గోరింక వచ్చి పక్కన వాలింది.

"తోక ఇంకాస్త ఎత్తి దూకు వదినా, ఆ దూరపు కొమ్మ ఇట్టే అందుతుంది" అంది.

ఉడుత అలాగే దూకింది. కొమ్మ అందింది. ఇక దాని సంబరం ఇంతా అంతా కాదు.

అప్పట్నుంచి గోరింక రోజూ వచ్చి, ఓ సలహా చెప్పి నాలుగు ప్రశ్నలు వేసేది. ఎక్కడ పడుకుంటావు, మేతకి ఎప్పుడు వెళ్తావు, పిల్లల్ని ఏ తొర్రలో ఉంచుతావు అని.

"దూకడానికి ఇవన్నీ ఎందుకు వదినా?"

"అన్నీ తెలిస్తేనేగా నీకు సరిపడే సలహా చెప్పగలిగేది."

నిజమే కాబోలనుకుని ఉడుత అన్నీ చెప్పేసింది.

ఓ మధ్యాహ్నం అది మేత నుంచి వచ్చేసరికి బావురుపిల్లి సరిగ్గా ఆ తొర్రలోనే పంజా పెట్టి దేవులాడుతోంది. చీమలు పట్టాయని పొద్దున్నే పిల్లల్ని వేరేచోటికి మార్చబట్టి సరిపోయింది. ఆ తొర్ర సంగతి ఉడుత చెప్పింది ఒక్క గోరింకకే.

మర్నాడు గోరింక రాగానే, "పిల్లల్ని ఆ చివరి చెట్టు తొర్రలోకి మార్చాను వదినా" అంది ఉడుత. ఆ తొర్రలో ఉన్నది కందిరీగల గూడు.

సాయంత్రానికి పిల్లి మొహం బూరెలా పొంగింది. కబుర్లు మోసిపెడుతోందని ఇన్నాళ్లూ గోరింకని తినకుండా వదిలేసిన పిల్లి, ఇప్పుడు దాని కోసమే తోపంతా గాలిస్తోంది.

గోరింక వచ్చి ఉడుత పక్కన వాలింది. "ఎక్కడ దాక్కోమంటావు వదినా?"

"చెప్తాను. ముందు నువ్వెక్కడ పడుకుంటావో, గుడ్లు ఎక్కడ పెట్టావో చెప్పు. అన్నీ తెలిస్తేనేగా నీకు సరిపడే సలహా చెప్పగలిగేది."