కోసి చూపిస్తేనే

"ఏదీ, చెయ్యి ఎత్తు."

అద్దాల పనివాడు కుడిచెయ్యి ఎత్తాడు. భుజం లేచింది. మోచెయ్యి మాత్రం వంగలేదు.

"వంచవయ్యా!"

"వంగట్లేదు మేడమ్."

బల్లకి అటువైపు ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. పనిలో దెబ్బ తగిలిందని వచ్చేవాళ్ళది నిజమో కాదో తేల్చేది ఆ ముగ్గురే. చేతుల సంగతి వస్తే మధ్యలో కూర్చున్న ఆవిడ మాటకి తిరుగులేదు. ఆవిడ వైద్య కళాశాలలో శరీర నిర్మాణం పాఠం చెబుతుంది. ఎదుటివాళ్ళ మాట సగంలోనే తెంపేస్తుందని అక్కడి పిల్లలు ఆవిడకి 'కత్తెర మేడమ్' అని పేరు పెట్టుకున్నారు. తప్పు పేరేం కాదు.

"ఎక్కడ కోసుకుంది?"

"ఇక్కడ మేడమ్. అద్దం పలక జారి..." భుజానికీ మోచేతికీ మధ్య, చేతి లోపలివైపు చూపించాడు. కుట్లు మానిపోయాయి.

"వేళ్ళు ఆడించు."

ఐదు వేళ్ళూ చక్కగా ఆడాయి.

కత్తెర మేడమ్ నవ్వింది. ఆ నవ్వు చూసి, గోడవారగా నిలబడ్డ పనివాడి భార్య ఒక అడుగు ముందుకేసింది.

"చూడు, నీకు తగిలినచోట ఉన్న నరం వేళ్ళకి వెళ్తుంది. అది తెగితే వేళ్ళు పడిపోవాలి. నీ వేళ్ళు బంగారంలా ఉన్నాయి. మోచెయ్యి వంచే నరం ఎక్కడో పైన, భుజం దగ్గరే కండలోకి దూరిపోతుంది. దానికీ నీ గాయానికీ సంబంధమే లేదు. అబద్ధం చెప్పేవాడివి, కాస్త కనుక్కుని వచ్చి చెప్పాల్సింది."

"అబద్ధం కాదు మేడమ్. బొటనవేలు పైకి పెడితే కొంచెం వంగుతుంది. అరచెయ్యి పైకి పెడితే అస్సలు..."

"ఓహో! ఇలా పెడితే వంగుతుంది, అలా పెడితే వంగదు. చెయ్యా, తలుపు గొళ్ళెమా?"

పక్క డాక్టర్లిద్దరూ పగలబడి నవ్వారు.

భార్య ఆగలేకపోయింది. "డాక్టరమ్మా, కండ చూడండి, ఎలా కరిగిపోయిందో!"

"పని మానేసి కూర్చుంటే కరగదూ?"

"ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాదమ్మా. నరాలకి మిషను పరీక్ష ఉందటగా, అది చేయించండి."

"ప్రతి నాటకానికీ మిషను పెడుతూ కూర్చుంటే మేం బాగుపడినట్టే."

పనివాడి ముఖం కందగడ్డలా అయింది. "నాకు ఇంకేం వద్దు మేడమ్. అబద్ధమాడానని మాత్రం అనకండి. పనిలో నాకు మంచి పేరుంది."

"అందరికీ ఉన్నచోట నీకొక్కడికే నరం ఉండదా? అయితే చెయ్యి కోసి చూపించు, నమ్ముతాను. ఇక వెళ్ళు."

అతను తన చేతికేసి కాసేపు చూసుకున్నాడు.

"అలాగే మేడమ్," అని బయటికి నడిచాడు.

మేడమ్ అన్న మాట అతనికంటే ముందే అద్దాల కార్ఖానాకి చేరింది. "ఏం నాటకం, వచ్చావా?" అన్నాడు మేస్త్రి గుమ్మంలోనే. పని పోయింది. పేరు మాత్రం పోలేదు. వీధిలో చిన్నపిల్లలు కూడా 'నాటకం మావయ్యా' అని పిలవడం మొదలెట్టారు. భార్య ఒక్కొక్కరి ఇంటిమీదికీ పోట్లాటకి వెళ్ళింది. అతను మాత్రం పిలిచిన ప్రతిసారీ పలికాడు.

ఇవేవీ కత్తెర మేడమ్‌కి తెలియవు. ఆవిడ తెలుసుకోవాలనుకోలేదు కూడా.

కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున, పిల్లలు శవాలు కోసి నేర్చుకునే హాల్లో ఆవిడ గొంతు ఖంగుమంది.

"నరం కనబడకపోవడమేమిటి? కోసేసి ఉంటావు!"

"కొయ్యలేదు మేడమ్," అంది మొదటి సంవత్సరం అమ్మాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నాకే అబద్ధాలు చెబుతున్నావా?"

"ఒట్టు మేడమ్. మీరే చూడండి."

మేడమ్ ఆ పిల్ల చేతిలోంచి పట్టకారు లాక్కుంది. బల్లమీది మనిషి ముఖం గుడ్డతో కప్పి ఉంది. కుడిచెయ్యి చాపి ఉంది. భుజం దగ్గర కండని అటూ ఇటూ తిప్పి చూసింది. నరం దూరిన జాడ లేదు. కిందికి వెతుక్కుంటూ వచ్చింది. చేతి మధ్యలో, వేళ్ళకి వెళ్ళే నరంలోంచి ఒక కొమ్మ చీలి, మోచెయ్యి వంచే కండవైపు తిరిగి ఉంది. అది ఎప్పుడో తెగి, తెగినచోట ముడి కట్టుకుపోయింది.

ఆవిడ కోపం ఎగిరిపోయింది.

"అందరూ రండి! ఇలాంటిది దొరకడం మీ అదృష్టం. కొందరికి పుట్టుకతోనే ఆ నరం ఉండదు. వేళ్ళ నరమే దాని పని కూడా చేసిపెడుతుంది. మీ పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పరీక్షలో రాదని వదిలేస్తారు, మొద్దుల్లారా!"

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "అయితే ఈ కొమ్మ తెగినప్పుడు ఈయనకి ఏమై ఉంటుంది మేడమ్?"

"ఏముంది, వేళ్ళు బంగారంలా ఆడతాయి. మోచెయ్యే వంగదు. బొటనవేలు పైకి పెడితే పక్క కండ సాయంతో కొంచెం వంగుతుంది. అరచెయ్యి పైకి పెడితే అస్సలు..."

మాట సగంలో తెగింది.

పిల్లలు ఎదురుచూశారు. మేడమ్ పట్టకారు కింద పెట్టేసింది. మూలన పళ్ళాలు కడుగుతున్న అటెండరు వైపు తిరిగింది.

"ఈయన... ఈయన్ని ఎవరు తెచ్చారు?"

"వాళ్ళావిడే తెచ్చి అప్పగించింది మేడమ్. మనిషి పోయాడంటే, 'నాటకం పోయాడా, నిజంగానే?' అని అడిగారట వీధిలో వాళ్ళు. చెబుతూ వాళ్ళావిడ ఒకటే ఏడుపు. మీ ఇంటి దగ్గరే ఇంకో కాలేజీ ఉంది కదమ్మా అంటే వినలేదు."

"ఏమంది?"

"ఇక్కడి మేడమ్ ఎవరో, కుడిచెయ్యి కోసి చూపిస్తే నమ్ముతానన్నారట. ఆవిడకి 'అలాగే మేడమ్' అని మాటిచ్చి వచ్చాడట ఈయన."