కొండ ఊరి ఇంటికి ఒక్క స్టార్

జెర్సీ సిటీకి తిరిగొచ్చిన మర్నాడే దేదీప్య రివ్యూ రాయడానికి కూర్చుంది.

ఐదింటిలో ఒక్క స్టారే నొక్కింది.

"ఒకటేనా? ఇల్లు బానే ఉంది కదా," అన్నాడు ఆమె భర్త నీల్.

"ఇల్లు కాదు నీల్, ఆ ముసలావిడ. ప్రైవసీ అన్నదే లేదు."

దేదీప్యకు ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆ సంగతి ఎవరూ అడగని చోటు కావాలని ఇద్దరూ గ్రీసు దేశం వెళ్లారు. క్రీట్ దీవిలో, కొండమీది పాత ఊళ్లో ఒక రాతి ఇల్లు తీసుకుని వారం రోజులున్నారు.

నల్లబట్టలు కట్టుకున్న ఒక ముసలామె రోజూ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేది. వేడి సూపు తెచ్చి మంచం పక్కన కూర్చునేది. అర్థంకాని భాషలో ఏదో చెబుతూ దేదీప్య నడుముకు గుడ్డ చుట్టబోయేది.

నాలుగో రోజు దేదీప్య ఆ చేతిని విదిలించి కొట్టింది.

ఆ తర్వాత సూపు గిన్నె గడప బయటే ఉండేది.

'పనిమనిషి చెప్పకుండా గదిలోకి వస్తుంది. ఒంటిమీద చేతులు వేస్తుంది. ఎవరూ వెళ్లకండి.'

అలా రాసి పోస్ట్ చేసింది.

మూడు వారాల తర్వాత, ఆఫీస్ నుంచి వచ్చి ట్రెయిన్ దిగుతుండగా ఫోన్ మోగింది.

"నా పేరు ఎలెనీ. మీరున్న ఇల్లు మాదే," ఇంగ్లిష్‌లో అంది అవతలి అమ్మాయి. "మీకు ఇబ్బంది కలిగింది. క్షమించమని అడగడానికి చేశాను."

దేదీప్యకు సిగ్గేసింది.

"నేనే కొంచెం ఎక్కువ రాశాను. ఆ పనిమనిషిని మాన్పించలేదు కదా?"

"ఆవిడ మా నానమ్మ. మొన్న ఆదివారం పోయింది."

దేదీప్య ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయింది. జనం ఆమెను తప్పించుకుంటూ వెళ్లిపోతున్నారు.

"నేను రాసింది... ఆవిడ చదివారా?"

"ఇంగ్లిష్ రాదు. ఆ అమ్మాయి ఏం రాసిందని రోజూ నన్ను అడిగేది. మా ఇంట్లో కంటినిండా నిద్రపట్టిందని రాశారని చెప్పాను. చాలా సంతోషపడింది."

దేదీప్య ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"నేనెవరో కూడా తెలీదు కదా. నా మీద అంత ఎందుకు?"

"మీరు కారు దిగి నడిచి వస్తుంటేనే కనిపెట్టింది, బిడ్డ పోయిందని. మీరున్నన్నాళ్లూ రోజూ కొండెక్కి, చర్చిలో మీ బిడ్డకు దీపం పెట్టి వచ్చేది."

ఎలెనీయే మళ్లీ అంది.

"నలభై ఏళ్లు మా కొండ ఊళ్లన్నిటికీ ఆవిడే మంత్రసాని."